మా ఇంట్ల లేని మాట

దయ్యాలు లేవు. ఈ మాట నేను గట్టిగ చెప్పగలను, ఎందుకంటే కుశనూర్ రోడ్డు మీద ఒక దయ్యాన్ని నేనే పుట్టించిన.

అప్పుడు నేను బస్సు కండక్టర్ని. బీదర్ నుంచి ఔరాద్ దిక్కు పోయే బండి. కుశనూర్ ఇంక రాకముందే ఒక మలుపు కాడ రోజూ ఎవరో ఒకరు ఆపుమనేటోళ్ళు. ఆడ స్టాపు లేదు. లేదని చెప్పి చెప్పి నోరు నొచ్చింది. ఒకనాడు విసుగొచ్చి, "ఆడ తెల్లచీర కట్టుకున్న ఆమె ఒకతి నిలవడి ఉంటది, మొన్న డ్రైవర్ ఆపితే ఎక్కి కూసున్నది, టికెట్ ఇయ్యబోతే సీట్ల ఎవ్వరు లేరు" అన్న. అంతే, ఆ మలుపుల దిగుతా అన్నోడు మళ్ళ కనపడలేదు. నేను రిటైరై ఇన్నేండ్లయినా ఆ కథ ఇంక నడుస్తనే ఉన్నది. మొన్న ఒక పెండ్లిల ఒకాయన నాకే చెప్పిండు, తన కండ్లతోని చూసినట్టు. నేను నోరు తెరుచుకొని విన్న.

అందుకే దయ్యం కథ ఎట్ల తయారైతదో నాకు బాగ ఎరుక. కొంచెం నిజం, కొంచెం విసుగు, చెప్పేటోనికి ఒక అవసరం. నేను పెంచి చెప్పే మనిషిని. మా గల్లీల అందరికి తెలుసు. బండిల ముప్పై మంది ఉంటే డెబ్బై అంటా, పాము కనపడితే దానికి రెండు మూరలు నేనే కలుపుతా. కాని ఇప్పుడు రాసేది నేను తయారు చేసింది కాదు. పెంచిన కాడ పెంచిన అని నేనే చెప్త. ఇది రాస్తుంటే నాకు భయం లేదు, కోపం ఉన్నది. ఆ కోపం ఎవరి మీదనో చదివితే తెలుస్తది.

మా ఇంటామె పేరు నాగమ్మ. మా తరం ఆడోళ్ళు మొగని పేరు ఎత్తరు. ఒకరు ఏమయ్యా అంటరు, ఒకరు పిల్లల పేరు పెట్టి వాళ్ళ నాయినా అంటరు. నాగమ్మ నన్ను "ఇగో" అనేది. "ఇగో, నీళ్ళు కాగినయ్." "ఇగో, ఇంటున్నవా." కొత్తోళ్ళు వింటే ఏదో వస్తువు చేతికి అందిస్తున్నది అనుకునేటోళ్ళు, ఎందుకంటే ఆ మాటకు అర్థం అదే గద. నాకు మాత్రం అది పేరు. సర్వీసు పుస్తకంల ఉన్న పేరు కంటే ఈ పేరుకే నేను తొందరగ తిరిగి చూస్తా.

కొన్నేండ్ల కింద ఆమె పప్పుల ఉప్పు రెండుసార్లు వేసుడు మొదలైంది. చెప్పిన ముచ్చటే మళ్ళ చెప్పేది. చెంబు పట్టుకొని బోరింగు కాడికి పోయి ఎందుకొచ్చిన్నో అని నిలబడేది. నేను నవ్వులాటకు తీసుకున్న. నవ్వు ఎప్పుడు ఆగిందంటే, "ఇగో" ఆగినప్పుడు. ఆకలైనా, కాళ్ళు గుంజినా, పిలవదు. వచ్చి నా పక్కకు నిలబడి, నేను ఎప్పుడు చూస్తనా అని చూసేది. పిలిచే మాట ఆమె నోట్ల నుంచి ఎవరో తీసుకపోయినట్టు.

బీదర్లనే ఒక దవాఖానల చూపిచ్చినం. దాని పేరు రాయను. బుర్ర ఫోటో తీసిండ్రు, రక్తం తీసిండ్రు. పెద్ద డాక్టరు అల్జీమర్స్ అన్నడు, ఇంక మొదటి మెట్టు మీదనే ఉన్నది అన్నడు. పూర్తిగ నయం చేసే మందు లేదు గాని, ఒక కొత్త మందు మీద పరిశోధన నడుస్తున్నది, మీకు ఇష్టమైతే చేర్చుకుంటం అన్నడు. నెలకొకసారి సెలైన్ లెక్క ఎక్కిస్తరు. సగం మందికి మందు, సగం మందికి ఉత్త నీళ్ళు. ఎవరికి ఏది ఎక్కుతున్నదో మాకు తెల్వదు, డాక్టరుకు కూడ తెల్వదు. కంప్యూటర్ నిర్ణయిస్తదట. పరిశోధన పూర్తయినంక చెప్తరట.

మా బిడ్డ సునంద బసవకళ్యాణ్ల బడి పంతులమ్మ. ఆమె వచ్చి కాగితాలన్ని చదివి, డాక్టరును మస్తు ప్రశ్నలు అడిగి, సంతకం పెట్టిచ్చింది. బయటికొచ్చినంక నాకు వేలు చూపిచ్చింది.

"నాయినా, దీంట్ల నువ్వు తోడు మనిషివి. అమ్మ ఇంట్ల ఎట్లుంటున్నదో నువ్వు చెప్పేదే వాళ్ళు రాసుకుంటరు. నీ కండక్టర్ కథలు ఈడ చెప్పకు."

"నేనెందుకు చెప్త" అన్న.

చెప్పిన. ఆ దవాఖానల పరీక్షలు చేసే అమ్మాయి పేరు స్వాతి. గుంటూరు దిక్కు పిల్ల, ఉద్యోగానికి బీదర్ వచ్చింది. నన్ను బాబాయిగారు అనేది. మొదటిసారే అడిగింది, అమ్మగారు సొంతంగా వంట చేస్తున్నారా అని. ఆమె బాగుంటేనే మందు నడిపిస్తరేమో, లేకుంటే తీసేస్తరేమో అని నా భయం. "నిన్న యాభై మందికి బగారా అన్నం వండింది" అన్న.

స్వాతి పెన్ను ఆపింది. "యాభై మందికా, బాబాయిగారూ?"

"సరే, మా ఇద్దరికి. బగారా కాదు, ఉత్తన్నం. పొయ్యి నేనే ముట్టిచ్చిన."

"కూర?"

"హోటల్ నుంచి తెచ్చిన."

ఆ పిల్ల నవ్వు ఆపుకొని రాసుకున్నది. అప్పటి నుంచి నేను ఏం చెప్పినా సగం కొట్టేసి రాసేదేమో. అది నా తప్పే. కాని ఇంకొక తప్పు ఉన్నది, అది నాది కాదు.

ఆ పరీక్ష తెలుగుల పెడతరు. ఏ తెలుగు? స్వాతి అడిగేది, "మీ జ్ఞాపకశక్తి ఎలా ఉందండి అమ్మగారూ?" నాగమ్మ చెప్పేది, "శక్తి యాడిదమ్మా, మోకాళ్ళు నొస్తున్నయ్." యాదికున్నదా అని అడిగితే ఆమెకు తెలుస్తది. జ్ఞాపకం అన్న మాట ఆమె జన్మల అనలేదు. బొమ్మలు చూపిచ్చి పేర్లు అడిగేది. కందిలి చూపిస్తే నాగమ్మ కందిలి అన్నది. లాంతరు అనాల్నట. కైంచి చూపిస్తే కైంచి అన్నది. కత్తెర అనాల్నట. రెండూ తప్పే. నేను తలుపు కాడ్నుంచే లొల్లి పెట్టిన. మా తాత ముత్తాతల నుంచి ఈ గడ్డ మీద తెలుగు మాట్లాడుతున్నం, మా పక్కింట్ల ఉర్దూ, ఎదురింట్ల కన్నడం, బడిల కన్నడం, కచేరిల ఒకప్పుడు ఉర్దూ, వాటన్నిట్ల తడిసిన తెలుగు మాది. కందిలి అంటే వెలుగు రాదా? లాంతరు అంటేనే వెలుగుతదా?

"మీరన్నది నిజమే బాబాయిగారూ. కానీ పైనుంచి వచ్చిన కాగితంలో ఈ మాటలే ఉన్నాయండి. నేను పైకి రాస్తాను" అన్నది స్వాతి. రాసింది కూడ. మేం ఆడికి పోయినన్ని దినాలు జవాబు రాలేదు. నా పెండ్లానికి ఉన్న రోగం కొంత, లేని రోగం కొంత కలిపి లెక్క కట్టిండ్రు. మొదటి కోపం ఇది.

అయినా సెలైన్ మానలేదు. కొన్ని నెలలు గడిచినయ్. ఒకనాడు పొద్దుగాల నేను వాకిట్ల చెట్లకు నీళ్ళు పోస్తున్న. వెనుక నుంచి, "ఇగో, చాయ్ సల్లారుతున్నది."

అది విని వాకిట్ల ఎగిరి గంతేసిన అని నేను అందరికి చెప్పుకున్న. మోకాళ్ళు వంగని మనిషిని ఏం గంతేస్త. బకెట్ చేతిల పట్టుకొని అట్లనే నిలబడ్డ. ఆమె మళ్ళ అంటదేమో అని తిరగలేదు. చాయ్ నిజంగనే సల్లారింది.

ఆ తరువాత అప్పుడప్పుడు ఆ మాట వచ్చేది. డాక్టరుకు చెప్తే, మంచి దినాలు చెడ్డ దినాలు ఉంటయ్, మందు వల్లనే అని ఇప్పుడే అనలేం అన్నడు. ఆయన అన్నది సరైందే కావచ్చు. కాని నాకు ఒక్కటే లెక్క. సూది గుచ్చక ముందు "ఇగో" లేదు, గుచ్చినంక ఉన్నది. ఆ సెలైన్ ఆగొద్దు. నాకు కావాల్సింది అంతే.

ఇగ ఆ దినం సంగతి.

దవాఖానకు పోవాల్సిన పొద్దు. నేను ముఖం కడుక్కుంటున్న. నాగమ్మ మంచం మీద కూసొని, ఎవరో చెప్పి పంపినట్టు, ఒక్క ఊపున అన్నది: "నిమ్మకాయ, గొడుగు, చేతిరుమాలు, దువ్వెన, తాళం."

ఆమె నోట్ల నుంచి ఏదన్న కావాలని మాట వచ్చి ఎన్ని దినాలైందో. బజారుల నుంచి తెమ్మంటున్నది అనుకున్న. సంతోషపడ్డ కూడ. కాని రెండు మాటల కాడ ఆగిన. గొడుగంటే? మా ఇంట్ల ఛత్రి అంటం. చేతిరుమాలు అంటే ఏందో తెలిసేటందుకు నాకు కొంచెంసేపు పట్టింది. దస్తీ. నేను నా నౌకరి అంత దస్తీల లొల్లితోనే గడిపిన. కిటికీల నుంచి దస్తీ వేసి సీటు పట్టేటోళ్ళు, నా దస్తీ ఎవడు తీసిండు అని కొట్లాడేటోళ్ళు. చేతిరుమాలు వేసిన అన్నోడు ఒక్కడు నా బండి ఎక్కలేదు. నాగమ్మ నోట్ల ఆ మాట పెండ్లయిన నాటి నుంచి ఎన్నడు వినలేదు.

"దస్తీయేనా?" అని అడిగిన. అప్పటికే మరిచిపోయింది.

ఛత్రి మేకు నుంచి తీసి సంచిల పెట్టిన. బజారుల చౌబారా కాడ ఆటో ఆపి నిమ్మకాయ, దస్తీ, దువ్వెన, చిన్న తాళం కొన్న. ఆటోల కూసొని ఒక్కొక్కటి ఆమె చేతికిస్తే చూసి సంచిల వేసింది. దేనికి అని ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

తోడు మనిషి పరీక్ష గదిల కూసోవద్దు, బయట కూసోవాలె. నేను వరండాల ఇనుప కుర్చీల కూసున్న. గదిల ఏసీ చెడిపోయిందని తలుపు పూర్తిగ వెయ్యకుండ వదిలిండ్రు. స్వాతి మాట వినపడుతున్నది. "అమ్మగారూ, ఐదు మాటలు చెప్తాను. కొంచెం సేపయ్యాక మళ్ళీ అడుగుతాను, సరేనా?" ఆ మాటలు ప్రతిసారి మారుతయ్. ఆమె చేతిల ఉన్న ట్యాబుల ఆ పూట ఏవి వస్తె అవి చదువుతది, ముందుగాల ఆమెకు కూడ తెల్వది.

"నిమ్మకాయ. గొడుగు. చేతిరుమాలు. దువ్వెన. తాళం."

ఈ కథ నేను గల్లీల చెప్పినప్పుడు, ఆ నిమిషం కరెంటు పోయిందని, బయట కుక్క ఏడ్చిందని, పది మాటలకు పది వస్తువులు సంచిల ఉన్నయని చెప్పిన. కరెంటు పోలేదు. కుక్క లేదు. ఐదే మాటలు. వరండా తుడిచిన ఫినాయిల్ వాసన, పక్క కుర్చీల ఒకాయన మిర్చి బజ్జీ తింటున్నడు. అంత మామూలుగ ఉన్నదే నన్ను భయపెట్టింది. ఒడిల ఉన్న సంచిల చెయ్యి పెట్టి తడిమిన. గుండ్రంగ నిమ్మకాయ. సల్లగ తాళం. దువ్వెన పండ్లు వేలికి గుచ్చినయ్.

మర్యాదగల మనిషైతే పరీక్ష అయ్యేదాంక ఆగేటోడు. నేను ఆగలేదు. తలుపు నెట్టుకొని లోపలికి పోయి సంచి బల్ల మీద బోర్లించిన. నిమ్మకాయ దొర్లి కింద పడ్డది.

నాగమ్మ ఒక్కొక్కటి పట్టుకొని చూసింది. "ఇది ఛత్రి. ఇది దస్తీ" అన్నది. గొడుగు అనలేదు, చేతిరుమాలు అనలేదు. ఇప్పుడు ఆమె మాట్లాడేది మా ఇంటి మాటనే. ఇది రాసిపెట్టుకోండ్రి.

స్వాతి ట్యాబ్ చూసింది, మళ్ళ బల్ల చూసింది. "బాబాయిగారూ, ఈ మాటలు మీకెవరు చెప్పారు?"

"ఈమెనే, మీ అమ్మగారే. పొద్దుగాల."

"ఎలా చెప్తారండి? నాకే తెలియదు కదా."

"అదే నేను నిన్ను అడుగుతున్న."

పెద్ద డాక్టరు కాడికి తీసుకపోయిండ్రు. ఆయన బెంగళూరు దిక్కు మనిషి, నాతోని హిందీల మాట్లాడతడు. గొంతు పెంచలేదు. మీరు ముందే మాటలు తెలుసుకొని ఆమెకు వస్తువులు చూపిచ్చి తయారు చేసిండ్రు అన్నడు. ఆటోల ఆమె చేతికి ఇచ్చిన అని నేనే చెప్పుకున్న గద, అది పట్టుకున్నడు. నేను ఆమెనే పొద్దుగాల అన్నది అంటే, తల ఊపి, మీ వయసుల అట్ల జరుగుతది, గదిల విన్న మాట పొద్దుగాల విన్నట్టు మనసుల జరుగుతది అన్నడు.

"మరి సంచిల నిమ్మకాయ ఎట్లొచ్చింది డాక్టర్ సాబ్? అది కూడ నా మనసుల నుంచి రాలిందా?"

"అందుకే అంటున్న. రెండే ఉన్నయ్. ఒకటి మోసం, లేకుంటే మతిమరుపు. మూడోది మా దగ్గర లేదు."

ఆ మాట ఇప్పటికి నా చెవుల మోగుతది. రెండు డబ్బాలు తయారు చేసి పెట్టుకున్నడు, నన్ను ఏదో ఒక దాంట్ల వెయ్యాలె. స్వాతి పక్కనే నిలబడి ఏడుస్తున్నది. మాటలు బయటికి పోయినయంటే మొదటి అనుమానం ఆ పిల్ల మీదనే గద. "నా ఉద్యోగం పోతుందండి" అన్నది నాకు మాత్రమే వినపడేటట్టు. ఆమె ఉద్యోగం పోలేదు. నాగమ్మను పరిశోధన నుంచి తీసేసిండ్రు. సెలైన్ ఆగింది.

కనీసం ఇన్ని దినాలు ఎక్కిచ్చింది మందా నీళ్ళా చెప్పుండ్రి అని అడిగిన. పరిశోధన అయ్యేదాంక నాకు కూడ తెల్వది అన్నడు. ఆయన అబద్ధం చెప్పలేదని నాకు ఎరుక, పద్ధతే అట్లుంటదని సునంద చెప్పింది. అయినా ఆ కోపం తగ్గదు. నా పెండ్లాం నరంల నుంచి ఏం పోయిందో ఆమెను చూసే డాక్టరుకు తెల్వది, నాకు తెల్వది, యాడనో ఒక కంప్యూటర్‌కు తెలుసు. నేను ఛత్రితోని దవాఖాన అద్దం పగలగొట్టిన అని గల్లీల అనుకుంటరు. నేనే చెప్పిన అట్ల. అద్దం ముందే పగిలి ఉండె. నేను ఛత్రి చంకల పెట్టుకొని, ఆమె చెయ్యి పట్టుకొని ఇంటికొచ్చిన.

ఆ చలికాలం అయ్యేలోపల "ఇగో" మళ్ళ పోయింది. మందు ఆగినందుకు పోయిందా, రోగం ముదిరినందుకా, నేను చెప్పలేను. ఆమె వచ్చి పక్కన నిలబడుడు మళ్ళ మొదలైంది.

బయటోళ్ళు నమ్మకపోతే నాకు లెక్కలేదు. కాని సునంద ఆదివారం వచ్చి, నాకు అన్నం వడ్డిస్తూ మెల్లగ అడిగింది. "నాయినా, నిజం చెప్పు. ఇది కుశనూర్ దయ్యం లాంటిదేనా?"

నేను కంచం జరిపిన. జన్మల ఒక్కసారి కలపకుండ, తియ్యకుండ ఉన్నది ఉన్నట్టు చెప్తే నా కడుపుల పుట్టిన బిడ్డకే నమ్మకం లేదు. దానికి ఆమెను ఏమనాలె. ఆ బిడ్డను ఆ కథలు చెప్పే పెంచిన.

"అట్లయితే ఒక పని చెయ్యి" అన్నది. "నువ్వే పోయి పరీక్ష చేయించుకో. డాక్టరు చెప్పిన రెండిట్ల మతిమరుపు కాదని తేలుతది గద. అప్పుడు నేనే పోయి ఆయనను అడుగుత."

నాకు నచ్చింది. బండి నిండ మందిల ఎవరు యాడ ఎక్కిండ్రో, యాడ దిగాల్నో, ఎవని గంప టాపు మీదున్నదో కాగితం చూడకుండ చెప్పినోన్ని. నాగమ్మ కాడ సునందను కూసోబెట్టి, ఇస్త్రీ అంగీ వేసుకొని పోయిన.

మళ్ళ స్వాతియే. ఈసారి నవ్వలేదు. పద్ధతి ప్రకారం చెప్పి, ట్యాబ్ చూసి ఐదు మాటలు చదివింది. నేను వెంటనే ఐదూ అప్పజెప్పిన.

"తిరగేసి కూడ చెప్పాల్నా?" అన్న.

"అవసరం లేదండి. కాసేపాగి అడుగుతాను, అప్పుడు సూటిగా చెప్పండి చాలు."

గడియారం బొమ్మ గీయమన్నది, గీసిన. ఏదో లెక్క చెయ్యమన్నది, చేసిన. ఇంక ఏవేవో అడిగింది. తరువాత, "ఇందాక చెప్పిన మాటలు?" అన్నది.

"కిటికీ. మేక. చెప్పులు. దీపం."

ఆగిన. ఇంకొకటి ఉన్నది. ఉన్నదని గట్టిగ తెలుస్తున్నది. దస్తీ వేసి పెట్టిన సీటు చూసిండ్రా? మనిషి లేడు, కాని అది ఎవరిదో అని తెలుస్తది. అట్ల ఉన్నది ఆ జాగ. కిటికీకి, మేకకు నడుమ. నేను ఆ దస్తీని చూస్తున్న, మనిషి వస్తలేడు. స్వాతి ఎదురు చూసింది. నేను కిటికీ కాడ్నుంచి మళ్ళ మొదలు పెట్టిన, మళ్ళ అదే ఖాళీ.

"పర్వాలేదండి" అన్నది. అంత మెత్తగ అన్నది. ఆ మెత్తదనం చూసి నాకు ఒళ్ళు మండింది. ఇదివరకు ఆ గొంతుతోని నాగమ్మతోని మాట్లాడేది. ఆ మాట ఏందో చెప్పు తల్లి అంటే, చెప్పకూడదండి, మళ్ళీ వచ్చినప్పుడు చూద్దాం అన్నది. పెద్ద డాక్టరు కాగితం చూసి, ఇది అల్జీమర్స్ అని కాదు, వయసుకు ఉండాల్సినదానికంటే కొంచెం ఎక్కువ మరుపు, కొందరికి ఇట్లనే ఉండిపోతది, కొందరికి ముదురుతది అని చెప్పి, ఆరు నెలలకు రమ్మన్నడు. ఆయన ముఖంల గెలిచినట్టు ఏం లేదు. అది కూడ నాకు కోపమే. కొట్లాడేటందుకు ఏదన్న దొరకాలె గద.

దారి పొడుగున నాకు ఒక్కటే ఆలోచన. నేను కూడ మరుస్తే నాగమ్మ పక్కన వచ్చి నిలబడ్డప్పుడు ఎందుకు నిలబడ్డదో ఎవరికి తెలుస్తది? ఆటోల కూసొని ఆ నాలుగు మాటలు తిప్పి తిప్పి అనుకున్న. ఐదోది రాలేదు.

ఇంటికొచ్చేసరికి వరండాల నాగమ్మ చాటల కందిపప్పు పోసుకొని రాళ్ళు ఏరుతున్నది. ఆ పని ఆమె చేతులకు ఇంక యాదికున్నది. సునంద ఎదురుంగ కూసొని చూస్తున్నది.

"ఏమైంది నాయినా?" అన్నది సునంద.

చెప్పులు ఒక మూలకు విసిరి, గోడకు ఆనుకొని నిలబడ్డ. నోరు తెరవలేదు. ఈ మాటకు సునంద సాక్షి.

నాగమ్మ తల ఎత్తలేదు. పప్పుల నుంచి ఒక రాయి తీసి పక్కన వేసింది.

"ఇగో, బంగాళాదుంప" అన్నది.

సునంద నవ్వింది. "ఏందమ్మా, పుస్తకం మాట మాట్లాడుతున్నవ్? ఆలుగడ్డ కూర కావాల్నా?"

"ఆలుగడ్డ ఎందుకే" అన్నది నాగమ్మ. "పప్పు ఉన్నది గద."

కిటికీ. బంగాళాదుంప. మేక. వచ్చి సీట్ల కూసున్నది ఆ మనిషి. నిక్కంగ అదే. సునంద నా ముఖం చూసి నవ్వు ఆపింది. ఏమైందో నేను చెప్తుంటే చాట మీద చెయ్యి పెట్టుకొని విన్నది. ఆ తరువాత నన్ను ఆమె కుశనూర్ దయ్యం గురించి అడగలేదు.

మర్నాడు దవాఖానకు పోయిన. స్వాతి గదిల ఒక్కతే ఉన్నది. "రెండోది బంగాళాదుంప" అన్న.

ట్యాబ్ తెరిచి చూసింది. "అవునండి. గుర్తొచ్చిందా?"

"నాకు రాలేదు తల్లి."

ఆ పిల్లకు కొంచెంసేపట్ల అర్థమైంది. లేచి తలుపు వేసి వచ్చింది. "బాబాయిగారూ, అప్పుడు మిమ్మల్ని దొంగ అన్నాను."

"నువ్వెప్పుడన్నవ్? అన్నది డాక్టరు."

"మనసులో అన్నానండి." ట్యాబ్ మూసి దాని మీద రెండు చేతులు పెట్టింది, అది లేచి మాట్లాడతదేమో అన్నట్టు. "కానీ ఇది నేను ఎక్కడ రాయాలి? రాయడానికి గడి లేదు."

డాక్టరు కాడికి పోదాం పా అని నేను అనలేదు. ఆయన కాడ రెండు డబ్బాలే ఉన్నయ్ గద. ఇప్పుడు రెండో డబ్బాల నేను నిజంగనే ఉన్నా. ఇగ నా మాట ఎవరు వింటరు? ఇది అసలు కోపం. అబద్ధాలు చెప్పినన్నేండ్లు నా మాట అందరు విన్నరు. నిజం చెప్పే దినం వచ్చేసరికి, నా బుర్ర మీదనే డాక్టరు ముద్ర వేసిండు.

సునంద తన లెక్క తాను చెప్తది. నాయినా, నీకు తెల్వకుండనే నీ పెదవులు ఆడి ఉంటయ్, అమ్మ చూసి ఉంటది అని. కావచ్చు. కాని నాకు రాని మాట నా పెదవుల మీదికి ఎట్లొస్తది? దస్తీని చేతిరుమాలు అని ఆమెకు చెప్పింది ఎవరు? పొద్దుగాల మా ఇంట్ల అన్న మాట, అదే వరుసల, పగటికి ఆ ట్యాబులకు ఎట్ల చేరింది? ఉప్పు వేసింది యాదికి లేని మనిషికి, ఇంకెవరి యాదో ఎట్ల అందుతున్నది? నాకు తెల్వది. దయ్యాలు లేవని ఇప్పటికి అంట. మరి ఇది ఏందంటే చెప్పలేను.

బంగాళాదుంప అంటే ఏందని నాగమ్మను అడిగిన. "నాకేమెరుక" అన్నది. ఆమె మళ్ళ అట్లాంటి మాట అనలేదు. "ఇగో" కూడ అనలేదు.

ఆ మాటల సంగతి నేను ఒక దినం విడిచిపెడతనేమో. కాని ఆ "ఇగో" నన్ను విడిచిపెడతలేదు. ఆమె నన్ను పిలిచిందా? లేకపోతే కింద పడ్డది తీసి చేతిల పెట్టినట్టు, ఇగో తీసుకో, అని ఆ మాటను ఇచ్చిందా? రెండిటికి ఒక్కటే మాటాయె. రోజు పొద్దుగాల చాయ్ ఇచ్చేటప్పుడు అడుగుతున్న. ఆమె నా ముఖం చూస్తది, చాయ్ తాగుతది. అడగాలన్నది నాకు యాదికున్నన్ని దినాలు అడుగుత.